కొరికే అలవాటున్న సిపాయి

యుద్ధ రికార్డుల ఆఫీసు గుమాస్తాగారికి,

బట్టలు కుట్టుకు బతికే ఒక కోడలు నమస్కరించి రాయునది. మా మామగారు యుద్ధానికి వెళ్లొచ్చారు. ఇప్పుడు బడి ముందు, వెళ్లొచ్చినవాళ్ల పేర్లు చెక్కిన రాయి నిలబెడుతున్నారు. తను తుపాకీ ముట్టలేదని ఈయన ఉన్నమాట చెబితే, "తుపాకీ పట్టనివాడు సిపాయేంటయ్యా, కోతలు చాలించు" అన్నాడు మంగలి. కాగితం చూపిస్తేనే పేరు చెక్కుతారట. నెల గడువిచ్చారు. సైన్యంలో నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు: 4417. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు ఈ కాగితం వెనక రాశాను.

విధేయురాలు.

తా.క. యుద్ధంలో ఆ మంగలి చేసింది క్షవరాలే. అతని పేరు అప్పుడే చెక్కేశారు.

*

అమ్మా,

4417 కార్డు దొరికింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆడ. వయసు ఆరు. రంగు ముదురు గోధుమ. పళ్లు గట్టివి. కొరికే అలవాటుంది. ఇవి మీ మామగారికి సరిపోతే తెలపండి.

ఇట్లు, గుమాస్తా.

తా.క. వెనక ఎవరూ నిలబడవద్దని ఎర్ర సిరాతో రాసి ఉంది. కారణం రాయలేదు.

*

అయ్యా,

రంగొక్కటే సరిపోయింది. మామగారు మగవారేననడానికి అత్తగారు, ఐదుగురు పిల్లలు సాక్ష్యం. ఆరేళ్లప్పుడు ఆయన పలక పట్టుకుని ఏడుస్తుండేవారు.

మీ ఉత్తరం మామగారికి చదివి వినిపించాను. వినగానే, "అది నా కంచరగాడిదమ్మా" అన్నారు.

"మరి మీ నంబరేది మామయ్యా?"

"నా నంబరు నెలకోసారి, జీతమప్పుడు పిలిచేవాళ్లు. దాని నంబరు నేను రోజూ పిలిచేవాణ్ణి. ఏది గుర్తుంటుంది?"

మనిషి కార్డు వెతికిపెట్టండి. ఇంక పది రోజులే గడువుంది.

విధేయురాలు.

తా.క. కొరికే అలవాటు గురించి అత్తగారిని అడిగాను. ఆవిడ చెప్పింది ఆఫీసుకు రాసేది కాదు.

*

అమ్మా,

ఆయన దళం తాలూకు మనుషుల కార్డులున్న బీరువా ఏనాడో వానకు తడిసి ముద్దయింది. జంతువుల బీరువా మిగిలింది. మీ మామగారి కార్డు లేదని రాయడానికి కలం తీసి, ఎందుకో 4417 తిరగేశాను. వెనక ఇలా ఉంది:

"వంతెన కూలింది. గాయపడ్డ నలభై ఒక్కమందిని ఆరు రోజుల్లో కొండ మీది నుంచి మోసుకొచ్చింది. తుపాకీ గుండ్లు పడుతున్నా ఆగలేదు. తోలేవాడి భుజానికి దెబ్బ. తాడు వదలలేదు."

దాని కింద తోలేవాడి పేరు, తండ్రి పేరు, ఊరు. మీరు రాసినవే.

ఇరవై ఏళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఇలాంటి కార్డు నా చేతికి రాలేదు. పైఅధికారి రెండుసార్లు చదివి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా సంతకం చేశారు. ధ్రువపత్రం జతచేశాను.

ఇట్లు, గుమాస్తా.

తా.క. జంతువు సాక్ష్యం మీద మనిషిని నమ్మడం ఈ ఆఫీసులో ఇదే మొదలు.

*

అయ్యా,

ధ్రువపత్రం మంగలి కొట్లో నేనే చదివాను. కత్తెర చప్పుడు ఆగిపోయింది. మంగలి లేచి మామగారికి కుర్చీ వేశాడు. అక్కడే ఉన్న రాయి చెక్కే ఆయన ఉలి సంచీ అందుకున్నాడు. ఇంతలో మామగారే అడ్డుపడ్డారు.

"నలభై ఒకటని రాసిందెవరు? ముప్పై ఎనిమిది. ముగ్గురు తాడు పట్టుకుని వాళ్ల కాళ్ల మీద వాళ్లే దిగారు. వాళ్లనీ మోశామంటే అబద్ధం కాదూ? అది దిద్దేదాకా రాయి మీద నా పేరు వద్దు."

ఎవరు చెప్పినా వినడంలేదు. రాయి ఆపి ఉంచారు. దయచేసి దిద్ది పంపండి.

విధేయురాలు.

తా.క. ఆ ముగ్గురి పేర్లూ ఊళ్లూ వెనక రాశాను. అనుమానముంటే వాళ్లనే అడగమన్నారు.