చలవ నెలలు ముందుగా ఇప్పించవలసిందిగా

గౌరవనీయులైన సంక్షేమాధికారి గారికి,
పరిపాలన భవనం, మొదటి అంతస్తు, సీసాల ఫ్యాక్టరీ.

విషయం: కొలిమి సెక్షన్ నుంచి ప్యాకింగ్ సెక్షన్‌కు మూడు నెలల తాత్కాలిక బదిలీ కోరుట గురించి, సంతానం కలగని కార్మికులకు సెలవు, వైద్య సాయం మంజూరు చేయుట గురించి.

సూచిక: ఇదే విషయమై నేను లోగడ పెట్టుకున్న అర్జీ, దాన్ని తిప్పి పంపుతూ తమ కార్యాలయం వారు రాసిన ఒక్క వాక్యం.

అయ్యా,

నేను మన ఫ్యాక్టరీ కొలిమి సెక్షన్‌లో, రెండో యంత్రం దగ్గర, అచ్చులకు నూనె రాసే పనిలో ఉన్నాను. తమరు నన్ను చూసే ఉంటారు గానీ గుర్తుండకపోవచ్చు. తనిఖీ రోజున తమరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని "ఇక్కడ ఎలా నిలబడుతున్నారయ్యా" అని అడిగినప్పుడు, "అలవాటైపోయిందండి" అని జవాబు చెప్పింది నేనే. సదరు జవాబును ఈ అర్జీ ద్వారా ఉపసంహరించుకుంటున్నాను.

సెక్షన్‌లో నన్ను అందరూ పెదనాన్న అంటారు. తోటివాళ్ళ పిల్లల్ని బడిలో దింపడం, జ్వరం వస్తే ఆసుపత్రికి మోసుకుపోవడం నా వంతు కావడం వల్ల ఆ పేరు స్థిరపడింది. నాకు మాత్రం పిల్లలు లేరు. ఈ క్రింది అంశాలను తమ దృష్టికి తెస్తున్నాను.

1. కరిగిన గాజు ముద్దగా అచ్చులోకి జారుతుంది. అచ్చుకు నూనె లేకపోతే గాజు అంటుకుని సీసా పాడవుతుంది. అందుచేత పొడుగాటి కుంచె పట్టుకుని ఒకరు యంత్రానికి ఆనుకుని నిలబడి రాస్తూనే ఉండాలి. ఆ ఒకరు నేనే. ముఖానికి అడ్డుగా అద్దం ఇచ్చారు, చేతులకు తొడుగులు ఇచ్చారు. యంత్రం ఎత్తును బట్టి అసలు సెగ తగిలేది నడుము దగ్గర. ఆ భాగానికి ఫ్యాక్టరీ వారు ఇచ్చింది ఖాకీ ప్యాంటు మాత్రమే.

2. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా సంతానం కలగనందున నేను, నా భార్య పట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గర చూపించుకున్నాం. నా భార్య కూడా మన ఫ్యాక్టరీలోనే, తనిఖీ సెక్షన్‌లో, వెలుగు బల్ల ముందు కూర్చుని సీసాల్లో పగుళ్ళు, బుడగలు ఏరే పని చేస్తుంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, లోపం నా వైపు ఉందన్నారు. ఏం పని చేస్తావని అడిగారు. చెప్పాను. ఆమె కలం కింద పెట్టేశారు.

"రోజూ అంత వేడిలో నిలబడితే ఇలాగే అవుతుంది బాబూ. మూడు నెలలు దానికి పూర్తిగా దూరంగా ఉండు. మళ్ళీ పరీక్ష చేద్దాం. బాగయ్యే అవకాశం ఉంది. కానీ ఆలస్యం చెయ్యకు. మీ ఆవిడ వయసు రీత్యా ఈ ఏడాది దాటితే నేను ధైర్యం చెప్పలేను" అన్నారు.

అయ్యా, ఇందులో మందు లేదు, కోత లేదు. నన్ను ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరపడమే వైద్యం. ఆ జరిపే అధికారం డాక్టరమ్మకు లేదు, తమకు ఉంది.

3. కొలిమి సెక్షన్‌లో చలవ నెల అనే ఆనవాయితీ ఉన్నది తమకు తెలుసు. ఎవరికైనా బిడ్డ పుడితే ఆ తండ్రిని ఒక నెలపాటు కొలిమి దగ్గర నుంచి తప్పించి ప్యాకింగ్‌లోకి పంపుతాం. అక్కడ అట్టపెట్టెలు, గడ్డి, పైన ఫ్యాన్లు. మనిషి అలసిపోకుండా ఇంటికి పోయి బిడ్డను ఎత్తుకుంటాడని పాతవాళ్ళు పెట్టిన పద్ధతి. తమరు వచ్చాక దాన్ని సంక్షేమ బదిలీ అనే పేరుతో నిబంధనల్లో చేర్చారు. అందుకు మేమంతా తమకు దండ వేశాం. దండ తెచ్చింది కూడా నేనే.

ఆ నిబంధన కిందే నేను మొదటి అర్జీ పెట్టుకున్నాను. అది తిరిగి వచ్చింది. పైన ఎర్ర సిరాతో "బిడ్డ జనన ధ్రువపత్రం జతపరచలేదు" అని ఉంది.

నేను గుమాస్తా గారి దగ్గరకు వెళ్ళి, అయ్యా, బిడ్డ పుట్టడం కోసమే బదిలీ అడుగుతున్నాను, ధ్రువపత్రం ఎక్కడి నుంచి తెచ్చేదని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ముందు బిడ్డ పుట్టాలి, తర్వాత బదిలీ వస్తుందన్నారు. బిడ్డ పుట్టాలంటే ముందు బదిలీ రావాలని నేను. ఇద్దరం కాసేపు అలా అనుకున్నాక వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. వచ్చేశాను.

4. అనారోగ్య కారణంగానైనా బదిలీ దొరుకుతుందేమోనని ఫ్యాక్టరీ డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన నాడి చూశారు, ఛాతీ చూశారు, ఇసుక బస్తా ఎత్తమన్నారు. ఎత్తాను. "ఉక్కులా ఉన్నావయ్యా" అని భుజం తట్టి, పనికి తగినవాడనని రాసి ఇచ్చారు. ఆ బస్తా ఎత్తకుండా ఉండాల్సిందని ఇంటికి వచ్చాక తోచింది. అడిగిన పని చేసేయడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న రోగం. దానికి కూడా వైద్య పథకంలో చోటు లేదు.

పట్నం డాక్టరమ్మ ఇచ్చిన కాగితం కూడా ఆయనకు చూపించాను. పిల్లలు లేకపోవడం జబ్బు కిందకు రాదు, అది కోరిక కిందకు వస్తుందని చెప్పారు. అయ్యా, కోరికకు ఇంత నొప్పి ఉండదు. నా భార్య నెలనెలా స్నానాల గదిలో కొళాయి పూర్తిగా విప్పి ఏడుస్తుంది. ఆ నీళ్ళ చప్పుడు వినపడగానే ఈ నెల కూడా పోయిందని నాకు తెలిసిపోతుంది. నేను గోడకు ఇవతల నిలబడి ఉంటాను. తలుపు కొట్టే ధైర్యం ఇంతవరకూ చాలలేదు. దీన్ని జబ్బు అనండి, మరొకటి అనండి. వైద్యం చేయించుకోనివ్వండి.

5. ఇప్పుడు అసలు సంగతి. ఎవరికైనా చలవ నెల వచ్చినప్పుడు అతని యంత్రం దగ్గర ఎవరో ఒకరు అదనంగా నిలబడాలి కదా. ఇన్నేళ్ళుగా ఆ నిలబడేది నేనే. సెలవు రోజుల్లో పనికి మనిషి కావలసి వచ్చినా నేనే. "నీకేం పెదనాన్నా, ఇంటికి తొందరగా పోయి చేసేదేముంది" అంటాడు మేస్త్రి. అందులో దురుద్దేశం లేదు. మంచివాడే, ముగ్గురు పిల్లల తండ్రి. నాకూ నిజమే కదా అనిపించేది. వాళ్ళకు ఇంటి దగ్గర పసివాళ్ళు ఎదురుచూస్తుంటారు, మనకెవరున్నారని రెండు యంత్రాలూ నేనే చూసుకునేవాణ్ణి.

పిల్లలు లేరని నన్ను వేడిలో ఎక్కువసేపు నిలబెట్టారు. వేడిలో ఎక్కువసేపు నిలబడ్డాను కాబట్టి నాకు పిల్లలు లేరు. డాక్టరమ్మ చెప్పేవరకూ ఈ రెంటికీ సంబంధం ఉందని నాకు గానీ, మేస్త్రికి గానీ తట్టలేదు. సెక్షన్‌లో చలవ నెల తీసుకున్న ప్రతి తండ్రి వెనకా నేను నిలబడి ఉన్నాను. నేను తిరిగి అడుగుతున్నది మూడు నెలలు.

6. నా భార్య గురించి. సెలవు కావాలంటే వారం ముందు రాసి ఇవ్వాలన్నది నిబంధన. డాక్టరమ్మ రమ్మనే రోజు ఒంటిని బట్టి ఉంటుంది. ఎల్లుండి రమ్మని ఈరోజు చెబుతారు. వారం ముందు రాసి ఇవ్వమని ఒంటికి ఎవరు చెబుతారు? తనిఖీ సెక్షన్ సూపర్‌వైజరు అందరి ముందూ కారణం అడుగుతుంది. మొదట్లో నా భార్య తలనొప్పి అనేది, తర్వాత పంటినొప్పి అనేది. ఇప్పుడు ఏమీ చెప్పకుండా నిలబడుతుంది, ఆ రోజు గైరుహాజరు పడుతుంది. బిడ్డ ఉన్నవాళ్ళకు టీకాల సెలవు ఉంది. ఉండాల్సిందే. ఆ సెలవు దాకా చేరడానికి తిరిగేవాళ్ళకు కూడా ఏదో ఒకటి ఉండాలి కదా.

7. ఈ విషయం ఫ్యాక్టరీ అంతటికీ తెలిసిపోయింది కనుక దాచకుండా రాస్తున్నాను. లోపం తనదేనని నా భార్య మా అమ్మకు చెప్పింది. నాకు ఒక మాట కూడా చెప్పకుండా చెప్పేసింది. తర్వాత నేను నిలదీస్తే, "మీ అమ్మ నన్ను ఎన్నన్నా నేను పడతాను. మీదే అని తెలిస్తే ఆవిడ అన్నం మానేస్తుంది" అంది. కొన్నాళ్ళకు మా అమ్మ ఇంకో సంబంధం గురించి నసగడం మొదలుపెట్టింది. ఆ రోజు నేను తట్టుకోలేక నిజం చెప్పేశాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కోడలికి కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆమె తినేదాకా లేవలేదు.

మర్నాడు సైరన్ మోగి, ఒక షిఫ్టు బయటికి, ఒక షిఫ్టు లోపలికి కదులుతున్న వేళకి మా అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. మేస్త్రి చెయ్యి పట్టుకుంది.

"నాయనా, మా వాణ్ణి ఆ మంట దగ్గర నుంచి తీసెయ్యి. ఆ వేడికే వాడికి పిల్లలు పుట్టడం లేదంట. నీకు దణ్ణం పెడతాను."

మా అమ్మకు వినికిడి తక్కువ, అందుకని గట్టిగా మాట్లాడుతుంది. రెండు షిఫ్టులూ విన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మర్నాడు ఎవరో నా చోటులో తడి గోనెపట్టా వేలాడదీశారు. కుర్రాళ్ళు చందాలు వేసుకుని ఒక చిన్న టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టారు. అది కొలిమి గాలినే తిప్పి నా మీదకు విసిరింది. నవ్వాలో ఏడవాలో తెలియక, బాగుందిరా అని చెప్పాను.

8. మా అమ్మ చేసిన పని వల్ల ఒక మేలు జరిగింది. మంచినీళ్ళ కుళాయి దగ్గర, సైకిళ్ళ షెడ్డు దగ్గర, ఒక్కొక్కరు వచ్చి నన్ను పక్కకు పిలవడం మొదలుపెట్టారు. లారీలు తూచే ఆయన వచ్చాడు. క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ వచ్చింది, ఆమెకు మూడుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది, మూడుసార్లూ మర్నాడే గరిటె పట్టుకుంది. నా అర్జీ తిప్పి పంపిన గుమాస్తా గారు కూడా వచ్చారు. చుట్టూ చూసుకుని, డాక్టరమ్మ ఎక్కడ కూర్చుంటారో చెప్పమని అడిగారు. వీరెవరి పేర్లూ రాయను. ఇది నా ఒక్కడి గొడవ కాదని తమకు తెలియడం కోసం రాశాను.

కావున అయ్యా, తమరు దయతలచి నాకు మూడు నెలల చలవ బదిలీ వెంటనే ఇప్పించాలని, ఆ నెలలకు కొలిమి భత్యం నాకు అక్కర్లేదని మనవి. సంతానం కోసం వైద్యం చేయించుకునే ఆడవారికి, మగవారికి ముందుగా రాసి ఇవ్వకుండానే, కారణం అందరి ముందూ చెప్పకుండానే సెలవు ఇప్పించాలని మనవి. వైద్య పథకంలో దీన్ని జబ్బుగా చేర్చాలని మనవి. పిల్లలు లేనివాణ్ణి కాబట్టి తీరుబడిగా ఉంటాడనుకోవడం మానమని మేస్త్రులకు ఒక మాట చెప్పాలని మనవి. ఇవన్నీ ఒక్కసారి కాకపోతే మొదటిది ముందు చెయ్యండి. మిగతావాటి కోసం నేను ఎన్నిసార్లయినా తిరుగుతాను. మొదటిదానికే వ్యవధి లేదు.

రేపు బిడ్డ పుట్టకపోతే ఆ మూడు నెలలూ తిరిగి కొలిమి దగ్గర అదనంగా నిలబడి తీరుస్తానని రాసి ఇమ్మన్నా ఇస్తాను. ఏం రాయమంటే అది రాస్తాను.

మొదటి అర్జీ తమ వరకూ రాలేదనే నా నమ్మకం. దీనినైనా తమరు స్వయంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెదనాన్న అని పిలవబడువాడు,
రెండో యంత్రం, కొలిమి సెక్షన్.

తా.క.: పై అర్జీ పట్టుకుని ఈ ఉదయం తమ గదికి వచ్చాను. కుర్చీ ఖాళీగా ఉంది. తమకు పాప పుట్టిందని, నెలపాటు రారని, తమరు తప్ప ఇంకెవరూ ఈ సంతకం పెట్టకూడదని గుమాస్తా గారు చెప్పారు. సంతోషమండి. మర్యాదకు రాసిన మాట కాదు. విన్న వెంటనే నిజంగానే సంతోషం వేసింది, ఆ తర్వాతే నెలపాటు అన్న మాట చెవికెక్కింది. గుమాస్తా గారు తన కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చారు.

కిందకు వస్తే మేస్త్రి కనిపించాడు. మూడో యంత్రం కుర్రాడికి కొడుకు పుట్టాడు, సోమవారం నుంచి వాడికి చలవ నెల, నేను రెండు యంత్రాలూ చూడాలి. ఈసారి నా వల్ల కాదన్నాను. మేస్త్రి కోప్పడలేదు. నేల చూస్తూ, "మరి వాడి పిల్లాడి సంగతి ఏం చెయ్యమంటావు పెదనాన్నా?" అన్నాడు. ఒప్పుకుని వచ్చాను. ఇంట్లో ఈ మాట ఇంకా చెప్పలేదు.

అందుచేత అర్జీని తమ ఇంటికే పంపుతున్నాను. కవరు మీద చిరునామా గుమాస్తా గారి చేతిరాత. అలా ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని ఆయనే చెప్పి, ఆయనే రాశారు. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు. ఆయన రాసిపెట్టిన బదిలీ ఆర్డరు కాగితం కూడా లోపలే ఉంది, సంతకం ఒక్కటే ఖాళీ.

ఇది చేరే వేళకు తమరు పాపను ఎత్తుకుని ఉంటే దించవద్దు, లేచి ఏడుస్తుంది. సంతకానికి ఒక చెయ్యి చాలు.