వాకిట కర్ర పెట్టకముందే

పన్నెండో నెల ఇరవై తొమ్మిది, ఉదయం

చిరంజీవి యున్‌హెకు నాయనమ్మ ఆశీస్సులు.

సాయంత్రం నువ్వు బస్సు దిగి సత్రం గది తలుపు తీసేసరికి ఈ ఉత్తరం బల్లమీద ఉంటుంది. ఆ సత్రం నడిపే గుయ్‌లాన్ నా దగ్గర చదువుకున్న పిల్ల. కొత్త ఏడాది పండగ రాత్రులకు నువ్వు గది అడిగావనీ, పక్క ఊళ్లో సొంత ఇల్లుండగా తన దగ్గరెందుకనీ నిన్న సంతలో నన్ను నిలేసింది. నువ్వేమో సెలవు దొరకలేదనీ, పండగ రెండో రోజున వస్తాననీ మీ నాన్నకు చెప్పావు. వాడు నమ్మాడు. నమ్మితే వాడికి సుఖం. ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని చెప్పి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

నిన్నటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాను. పిండి పొంగిందో లేదో చూడ్డానికి గుడ్డ తీసి తీసి చల్లార్చేశానని మీ అమ్మ విసుక్కుంది. నాకు కుదురు లేనిది పిండి గురించి కాదు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల ఏడాది చివరి రాత్రి, పోయిన పెద్దల పేర్లుండే పుట్టింటి వంశపటం చూడకూడదు, చూస్తే అన్నదమ్ములకు కీడు అంటారు. నిరుటిదాకా ఆ రాత్రి నీకు అత్తగారిల్లుంది. విడాకులతో ఆ గుమ్మం పోయింది. ఈ గుమ్మం తెరుచుకోలేదు. ఊరంతా బంధువుల మధ్య కుడుములు తింటుంటే నువ్వు అద్దెగదిలో గోడ చూస్తూ కూర్చుంటావన్నమాట.

రేపు రాత్రి భోజనం కోసం ఇప్పుడే ఎండు రేగుపళ్లు గుచ్చిన రొట్టెలు ఆవిరికి పెడుతున్నాం. తలకొకటి చొప్పున పెట్టి, పైన ఇంకొకటి పెట్టాను. ఒకటి ఎక్కువైందని మీ అమ్మ తీయబోయింది. నేను లెక్క తప్పనని ఆవిడకు తెలుసు. చేయి వెనక్కి తీసుకుని, పొయ్యివైపు తిరిగి చెప్పింది.

"నాకు మాత్రం కడుపు రగలదా అత్తయ్యా? వసంతంలో లిబిన్ పెళ్లి. వాడికి జలుబు చేసినా జనం దాన్నే అంటారు. ఆ మాట అది పడలేదు. అంతకంటే సత్రమే నయం."

నీ సంగతి ఆవిడకూ తెలుసన్నమాట. మీ అమ్మది రాతిగుండె అనుకోకు. ఆవిడ భయమంతా నీకోసమే. అదే పాత సామెత ఎత్తుకుంది, పంపేసిన కూతురు పారబోసిన నీళ్లని. పారబోసిన నీళ్లు మన వాకిట్లోనే కదమ్మా ఇంకిపోయేది, అన్నాను. ఆవిడ మూత మూసింది.

మీ తమ్ముడు లిబిన్ బయట నిచ్చెనమీద నిలబడి గుమ్మానికి శుభవాక్యాలు రాసిన ఎర్ర కాగితాలు అంటిస్తున్నాడు. కిటికీలోంచి అంతా విన్నాడు. దిగలేదు. అక్కడినుంచే, జిగురు కుంచె ఊపుతూ అన్నాడు.

"అక్క నాలుగు కుడుములు తింటే అయిపోయే అదృష్టమైతే, అది ఎలాగూ పెళ్లిదాకా రాదులే అమ్మా. నేనూ సత్రానికే పోతా. మీరిద్దరూ పటం ముందు కూర్చుని తినండి."

మీ నాన్న నిచ్చెన కిందే ఉన్నాడు. అప్పటికే అంటించిన కాగితాన్ని అరచేత్తో మళ్లీ మళ్లీ అదుముతూ నిలబడ్డాడు. ఎవడి మేలుకోసం ఈ కట్టుబాటో వాడే వద్దన్నాక, ఇక మేము కాపాడుతున్నది ఎవరిని?

నేను ఆచారాన్ని తేలిగ్గా తీసేసే మనిషిని కానని నీకు తెలుసు. పటం దించను, దాచను. రేపు మధ్యాహ్నం మీ నాన్న మన సమాధుల దగ్గరికెళ్లి పోయిన పెద్దల ఆత్మల్ని ఇంటికి పిలుచుకొస్తాడు. వాళ్లు లోపలికి రాగానే వాకిట కర్ర అడ్డం పెడతాం. ఆ తర్వాత ఎవరూ లోపలికి రాకూడదు. ఆ నియమం మాత్రం నీకోసం కూడా తప్పను. కాబట్టి జరగవలసినవి రాస్తున్నాను:

1. పొద్దున్నే గది ఖాళీ చెయ్యి. గుయ్‌లాన్‌తో మాట్లాడేశాను.

2. లిబిన్ బండి తెస్తాడు. మెడకు కండువా లేకుండా వస్తే వాడిని తిట్టు.

3. పెద్దల్ని పిలవడానికి మీ నాన్న బయల్దేరకముందే ఇంట్లో ఉండాలి. పెరటి దారిన రాకు. వీధి గుమ్మంలోంచే, ఊరు చూస్తుండగా రా.

4. మీ అమ్మ ఏడుస్తుంది. ఏమీ అడగకుండా చేతులు కడుక్కుని కుడుములు చుట్టడానికి కూర్చో.

5. నువ్వు గడప దాటేదాకా కర్ర నా చేతిలోనే ఉంటుంది.

6. పటం ముందు నా పక్కనే మోకరిల్లు. పెద్దలకు అభ్యంతరముంటే సంజాయిషీ నన్నడుగుతారు. ఆ పటంలోకి ఎక్కే వంతు ఈ ఇంట్లో ఇక నాదే. వాళ్లకెదురుగా కూర్చుని చెప్పుకుంటాను.

మీ నాయనమ్మ