పాలకు బదులు

జులై 9, 1983

నిన్న నిర్మలను ఖమ్మంలో ఆసుపత్రిలో చేర్చాను. కాన్పయిన పన్నెండో రోజుకే కామెర్లు. పాపను దగ్గర ఉంచొద్దు, పాలివ్వొద్దు అన్నారు డాక్టర్. మా అత్తగారు అక్కడే ఉండిపోయారు. నేనూ పాపా పాల్వంచ క్వార్టర్‌కు వచ్చేశాం. లీవు పెట్టాను. డబ్బా పాలు ఎలా కలపాలో డబ్బా మీదే చదివి నేర్చుకున్నాను.

జులై 10

పక్క క్వార్టర్ పూల్‌సింగ్ అన్నం క్యారియర్ తెచ్చాడు. థర్మల్ స్టేషన్‌లో ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఎనిమిదేళ్ళ స్నేహం. తిన్నానని అబద్ధమాడి పంపేశాను. తర్వాత అటుకులు నానేసుకుని తిన్నాను.

ఒకరికి పెట్టడం నాకు హాయి. ఒకరి దగ్గర పుచ్చుకోవాలంటే మాత్రం ప్రాణం చచ్చిపోతుంది. ఎవరి దగ్గరా చెయ్యి చాచకూడదని నాన్న పెంచిన పెంపకం.

జులై 11

పాప మూడుసార్లు కక్కింది.

జులై 12, ఉదయం 6

నిన్న సాయంత్రం డాక్టర్‌కు చూపించి డబ్బా మార్చాను. రాత్రంతా అదే వరస. ఏడుపు కూడా సన్నబడిపోయింది.

సాయంత్రం 4

పూల్‌సింగ్ భార్య ద్వాలి నేరుగా లోపలికొచ్చింది. వాళ్ళ బాబుకు ఐదో నెల. "అన్నా, పిల్లనిటియ్యి" అంది. మంచినీళ్ళు కావాలా అని అడిగాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. "నీళ్ళెందుకన్నా, పిల్ల ఎండిపోతున్నది. నీకు ఇష్టం లేకుంటే జెప్పు, పోత" అంది.

పాపను ఇచ్చాను. లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. నేను వరండాలో నిలబడ్డాను. కాసేపటికి ఏడుపు ఆగింది. గుటకలు వినిపించాయి. గోడకానుకుని ఏడ్చాను. ఎన్నేళ్ళయిందో ఏడ్చి.

జులై 15

ద్వాలి రోజుకు ఆరేడుసార్లు వస్తోంది. పాప కక్కడం లేదు.

జులై 19

ఈరోజు తప్పు చేశాను. పాపను ద్వాలి దగ్గర ఉంచి, కొత్తగూడెం వెళ్ళి ఆమెకు చీర, వాళ్ళ బాబుకు వెండి మొలతాడు కొన్నాను. ప్యాకెట్ పూల్‌సింగ్ చేతికిచ్చాను. విప్పి చూశాడు.

"ఏంది రామయ్యా గిది? పాలకు కిరాయా?" అన్నాడు.

కాదన్నాను. మరేందన్నాడు.

"మా తమ్మునికి నౌకరీ దరఖాస్తు నువ్వే రాసిచ్చినవ్. నాకు బుఖారొస్తె దవాఖానాల మూడు దినాలు కూసున్నవ్. నేనేమన్న చీర తెచ్చిన్నా నీకు? ఇచ్చినవ్, తీసుకున్న. మరి నాది తీసుకుంటె నువ్వు తక్కువైతవా?"

ద్వాలి లోపలినుంచి అంతా విన్నది. పాపను అందిస్తూ నా మొహం చూడలేదు. అయినా ఆరింటికి మళ్ళీ వచ్చింది.

జులై 20

ఎనిమిదేళ్ళుగా ఇచ్చే చెయ్యి నాదే కావాలనుకున్నాను. అతనికి ఆ వంతు ఒక్కసారీ రానివ్వలేదు. అందులోని పొగరు ఇన్నాళ్ళూ నాకు మర్యాదలాగే కనిపించింది.

జులై 21

లీవు అయిపోయింది. పాపను వాళ్ళింట్లో దించి, "వెళ్ళొస్తా చెల్లెమ్మా" అని మాత్రం అన్నాను.

షిఫ్టు దిగి వాళ్ళ వరండాలో కూర్చున్నాను. ఆకలేస్తోందన్నాను. ఆ మాట ఇంకొకరింట్లో అనడం నా జన్మలో ఇదే మొదలు. ద్వాలి జొన్నరొట్టె, వెల్లుల్లికారం పెట్టింది. నాలుగు తిన్నాను. ఐదోది అడిగి వేయించుకున్నాను. థాంక్స్ అనబోయి, కారం అదిరిందన్నాను. పూల్‌సింగ్ పెద్దగా నవ్వి, "గట్ల అడుగు!" అన్నాడు.

ఆగస్టు 6

నిర్మల వచ్చింది. సగమైపోయింది. పాలు ఎండిపోయాయట. ద్వాలి ఒళ్ళో పాపను చూసి ఏమంటుందోనని భయపడ్డాను. గుమ్మంలోనే ద్వాలి చెయ్యి పట్టుకుని, "ఇంకొన్నాళ్ళు నువ్వే పాలివ్వు చెల్లీ" అంది.

"అవ్ వదినా. ముందు నువ్వు కూసో" అంది ద్వాలి.

నాకు అన్ని రోజులు పట్టింది. నిర్మలకు చెప్పులు విడిచేంత సేపు కూడా పట్టలేదు.

ఆగస్టు 14

బారసాల. మేం పెట్టిన పేరు కాక, ద్వాలి పాప చెవిలో ఇంకో పేరు చెప్పింది. ఏమిటని మేం అడగలేదు. ఇచ్చింది, తీసుకున్నాం.