ఏ వాగు నీళ్ళు?

ఖమ్మం,
11 ఆగస్టు 2025.

ప్రియమైన శ్యామలకు,

నీ ఫరహక్క సలాములు. లాలికి రెండు బుగ్గల మీదా చెరో ముద్దు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయాలి కదా, రాశాను. మామగారికి మోకాళ్ళ నొప్పులు తగ్గి మళ్ళీ చింతపండు గోదాముకు వెళ్తున్నారు. మా ఆయన ముస్తకీమ్ ఎప్పటిలాగే ముందు గదిలో జనాల ఫోన్లు విప్పుకుంటూ, వెనక గదిలో కుట్టుకునే నన్ను ఆట పట్టిస్తున్నారు. ఫోన్లు బాగు చేసేవాడి పెళ్ళాం కాగితం మీద జాబు రాస్తోందని తెలిస్తే మన షాపుకు గిరాకీ వస్తదా అని అడుగుతున్నారు. రాకపోతే పోనీ. ఈ మాటలు ఫోనులో చెప్పే ధైర్యం నాకు లేదు.

నువ్వు చెప్పి పంపిన మాట జంపయ్య మామ తెచ్చాడు. గోదాములో కుంకుడుకాయ మూటలు దించి, చాయ్ కూడా తాగకుండా నేరుగా షాపుకొచ్చాడు. ఎవరో అది తమ పాటని ఫిర్యాదు పెట్టడంతో మన వరినాటు పాట వీడియో సైటులో కనబడటం లేదని నువ్వు చూశావట. మనమేమన్న దొంగతనం చేసినమా ఏంది, వాన జర తెరిపిస్తే దుమ్ముగూడెం పోయి నెట్ సెంటర్ల ఫారం నింపొస్తనని అక్కతోని చెప్పు అన్నావట. ఆ మాట వినేసరికి నా కత్తెర పక్కకు పోయి ఎవరిదో జాకెట్ చెయ్యి సగానికి తెగింది. ఆవిడ రేపు వచ్చి నన్ను కడిగి పారేస్తుంది, అది వేరే సంగతి.

శ్యామలా, నీకు దండం పెడతాను, ఫిర్యాదుకు ఎదురు చెప్పే ఆ ఫారం ముట్టుకోకు.

అందులో ఏమేం అడుగుతారో నీకు తెలియదు. నేను కళ్ళు మండేదాకా చదివాను. అసలు పేరు రాయాలి. ఉంటున్న ఇంటి అడ్రసు, ఫోను నంబరు, కింద సంతకం. అంతటితో అయిపోతే నేనింత గోల చెయ్యను. నువ్వు రాసిందంతా సైటు వాళ్ళ దగ్గర ఆగదు, మన మీద ఫిర్యాదు పెట్టినవాడికి అట్లాగే వెళ్ళిపోతుంది. కోర్టుకు పోదలుచుకుంటే ఎవరి మీద కేసు వెయ్యాలో అతనికి తెలియాలి కదా అంటారు. మామూలు మనుషులకు అది సబబే కావచ్చు. నీలాగా దాక్కుని బతుకుతున్నవాళ్ళ గురించి ఆ ఫారం రాసినవాళ్ళకు తట్టినట్టు లేదు.

నువ్వు మర్చిపోయావని కాదు, అయినా గుర్తు చేస్తాను. ములకలపల్లి దగ్గర ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీ ఫోను నీ మాట వినలేదు. నీ భర్త అందులో తన మెయిల్ పెట్టుకుని, నువ్వు సంతకు పోయినా దవాఖానాకు పోయినా ఎక్కడున్నావో ఇంట్లో కూర్చుని చూసేవాడు. పెళ్ళిళ్ళకు డీజే బాక్సులు కిరాయికిచ్చుకునే మనిషికి అలాంటి తెలివికేం తక్కువ లేదు. పెద్దమనుషులు సర్దిచెప్పి నిన్ను రెండుసార్లు అక్కడికే పంపారు. ఆఖరిసారి లాలిని చంకనేసుకుని మా షాపు మెట్ల మీద కూలబడ్డప్పుడు నీ పెదవి చిట్లి ఉంది. ముస్తకీమ్ నీ ఫోను విప్పి చూసి, సిమ్ము విరిచేశారు. ఆ మర్నాడే జంపయ్య మామ నిన్ను తన ట్రాలీలో వాళ్ళక్క ముత్తక్క ఇంటికి చేర్చాడు. ఆ ఊరి పేరు ఈ జాబులో కూడా రాయను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నిదానంగా చదువు.

ఆ వీడియో తీసిన రోజు ముత్తక్కతో నాకు జరిగిన కొట్లాట గుర్తుందా? మొహాలు పడకుండా, బురదలో చేతులూ నారుకట్టలూ మాత్రమే పడేటట్టు నేను ఫోను పట్టుకున్నాను. తీరా పాట ఎత్తుకునేసరికి మొదటి మాటే ఇప్పుడు నువ్వున్న ఊరి వాగు పేరు! చప్పున ఫోను దించేశాను. ఆ పేరు తీసెయ్యమంటే ముత్తక్క నా మీద ఇంతెత్తున లేచింది. ఏ వాగు నీళ్ళల్ల నిలవడి నాటేస్తమో ఆ వాగు పేరే పాటల పెట్టాలె, వేరే నీళ్ళ పేరు చెప్తే నారు నవ్వదా బిడ్డా అని. గట్టు మీద కూర్చుని బతిమాలాను. కాసేపటికి తనే మెత్తబడి, ఏ వాగైనా పోయి కలిసేది గోదారిలనే గద, గోదారి అందాం, గట్లంటే అబద్ధం గాదు అంది. అట్లా పాడారు మీరిద్దరూ, 'గోదారి నీళ్ళొచ్చెనే అక్కలో, గట్టు దాటి వచ్చెనే' అని.

మన మీద ఫిర్యాదు పెట్టింది ఎవరో ఎస్.ఎన్. ఫోక్ ఆడియోస్ అట. పేరు ఎప్పుడూ వినలేదు. ఇది మా పాట, మేము రాయించి రికార్డు చేయించింది, వీళ్ళు కాజేశారు అని పెట్టి, కింద పాట మొత్తం తెలుగులో రాశారు. అది చదువుతూ మొదట్లో నవ్వుకున్నాను కూడా, మా ముత్తక్కకు మీరు పాట రాయించారా నాయనా అని. అప్పుడు మొదటి లైను మళ్ళీ చూశాను.

'రాళ్ళవాగు నీళ్ళొచ్చెనే అక్కలో.'

రాళ్ళవాగు ఏ ఊరిదో నీకు చెప్పాలా? పెళ్ళయిన కాడి నుంచి వాళ్ళ మళ్ళలో నాటేసినన్నాళ్ళూ నువ్వు ఆ పేరుతోనే పాడావు. మన వీడియోలో ఆ మాటే లేదు. వీడియో విని రాసుకున్నవాడైతే గోదారి అని రాస్తాడు. నీ గొంతు గుర్తుపట్టి, తన చెవుల్లో ఎప్పటి నుంచో ఉన్న పాట రాసినవాడికే రాళ్ళవాగు వస్తుంది. ఆ ఊళ్ళో ఇలాంటి ఛానళ్ళ సంగతులు తెలిసినవాడు నీ భర్త తప్ప ఇంకెవరున్నారు? అతనికి పాటతో పని లేదు శ్యామలా. నువ్వు కోపంతో ఆ ఫారం నింపి, అడ్రసు నీ చేత్తోనే రాసి పంపాలని ఎదురుచూస్తున్నాడు.

మొన్న లాయరు నిర్మలాదేవి గారి దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. నీ పేరు చెప్పలేదు, ఎవరో తెలిసినామె అన్నాను. ఆమె అంతా విని, తరతరాలుగా ఆడవాళ్ళు మళ్ళల్లో పాడుకునే పాట ఎవరి సొత్తూ కాదమ్మా, మీరు తీసిన వీడియో మీది, అవతలివాడు పెట్టింది తప్పుడు ఫిర్యాదు అంది. మరి తీసేశారేంటండీ అంటే, సైటు వాళ్ళు జడ్జీలు కాదు, ఎవరు ముందు అరిస్తే వాళ్ళ మాట విని తీసేస్తరు, తర్వాత మనం మొత్తుకోవాలె అంది. ఎదురు చెప్పకపోతే అతను ఇంకో పాట మీదా, మరో పాట మీదా ఇట్లాగే పెడతాడట. అట్లా మూడైతే ఛానల్ మొత్తం మూసేస్తారట. బయటికి వచ్చి ఆటో ఎక్కాను గాని ఎక్కడ దిగాలో మర్చిపోయి, బస్టాండు దాకా పోయాను.

నీ కడుపుమంట నాకు తెలియక కాదు. ముత్తక్క ఈ వేసవిలో పోయింది. అసలు వీడియో ఉన్న మెమొరీ కార్డు పాడై, ముస్తకీమ్ ఎన్ని తిప్పలు పడ్డా అందులోంచి ఏమీ రాలేదు. ఆమె గొంతు భూమ్మీద మిగిలింది ఆ వీడియోలోనే. లాలి అది వింటే గాని నిద్రపోదని జంపయ్య మామ చెప్పాడు. నేను మాత్రం రాయిలా ఉన్నాననుకున్నావా? వినాలనిపించి నొక్కితే బూడిదరంగు తెర, ఈ వీడియో అందుబాటులో లేదు అని రెండు ముక్కలు. మిషన్ మీద తలపెట్టి ఏడ్చాను.

అయినా చెప్తున్నాను, ఆ పాట వదిలెయ్. పోతే పోనీ. ముత్తక్క నిన్ను ఇంట్లో పెట్టుకుంది పాట కోసం కాదు. ఫోనులో లొకేషన్ ఆపి ఉంచు. ఎవరైనా కొత్త నంబరు నుంచి నీ పాటలు చాలా బాగున్నాయి, ఏ ఊరమ్మా అని అడిగితే జవాబివ్వకు. మెచ్చుకున్నారు కదా అని పొంగిపోయే రకానివి నువ్వు, అదే నా భయం. దుమ్ముగూడెం వైపు కాలు పెట్టనని జంపయ్య మామతో నాకు మాట చెప్పి పంపు. ఆ మాట వచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

ఎప్పటికీ నీ మేలు కోరే,
ఫరహక్క

తా.క.
31 ఆగస్టు.

ఈ జాబు ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది. గోదారి పెరిగి దారులు తెగి జంపయ్య మామ ట్రాలీ రాలేదు. నువ్వు ఆ నీళ్ళల్లోనే పడి దుమ్ముగూడెం పోయావేమోనని రోజూ చచ్చి బతికాను. పోలేదని నిన్న ఫోను చేసి జంపయ్య మామ చెప్పాడు. అల్లాకు వేల శుక్రియాలు.

ఇక నిజం చెప్తాను. పాట వదిలెయ్ అని పైన రాశాను గాని, అప్పటికే నేను వదల్లేదు. ఛానల్ మనం తెరిచింది నా మెయిల్‌తో. వీడియో తీసింది నేను, ఎక్కించింది నేను. అలాగైతే ఫారం నింపాల్సింది కూడా నువ్వేనమ్మా, అందులో అబద్ధమేమీ ఉండదు అంది నిర్మలాదేవి గారు. ఆ రోజే నింపి పంపాను. పేరు ఫరహా. అడ్రసు మా షాపుది. ముందే చెబితే, నా మూలంగా నీకెందుకక్కా అని నువ్వు అడ్డం పడతావని చెప్పలేదు. మామగారికి మాత్రం చెప్పాను. రానీ బేటీ, వస్తే మనం లేమా అన్నారు.

వచ్చాడు నీ భర్త. మొన్న మధ్యాహ్నం. ఛార్జరు కావాలని కౌంటరు దగ్గర నిలబడి, ఈడ ఫరహా అంటే ఎవరు అని అడిగాడు. మెడలో టేపుతోనే బయటికి వచ్చి నేనే అన్నాను. టేపు రెండు కొసలూ పట్టుకుని అతని ఎదురుగానే నిలబడ్డాను. ఆ పాటల రెండు గొంతులు ఉన్నయి, చిన్న గొంతు ఎవలది అన్నాడు. నాకు ఎక్కడ నుంచి వచ్చిందో ఆ మాట, ఏంది సార్, ఆ పాట మాదేనని సంతకం పెట్టి రాసిండ్రు గద, మీరు రికార్డు చేయించిన పాట ఎవలు పాడిండ్రో మీకే తెల్వదా అన్నాను. ముస్తకీమ్ గట్టిగా నవ్వారు. చుట్టూ ఉన్న గిరాకీలూ నవ్వారు. అతను నవ్వలేదు. ఎదురుగా చాయ్ కొట్టులో చీకటి పడేదాకా కూర్చుని మా షాపుకేసి చూస్తూనే ఉన్నాడు. నిన్న కూడా ఉన్నాడు. ఇవాళ కూడా వచ్చాడు.

అందుకని, అతను ట్రాలీ వెంటపడి నీ దాకా రాకుండా, ఇక మీదట జంపయ్య మామ సరుకు ఖమ్మం తేడు, దారిలో ఏన్కూరులోనే దించుతాడు. మామగారు ఏర్పాటు చేశారు. ఈ జాబు కూడా అక్కడి నుంచే నీకు చేరుతుంది. నువ్వు నాకు ఫోను చెయ్యకు. నేనూ చెయ్యను. రంజానుకు సేమ్యా తినడానికి వస్తానన్నావు, రాకు. లాలికి కుట్టిన గౌను దీనితోనే పంపుతున్నాను. కొలత చూడకుండా కుట్టాను, పొడుగైతే మడిచి వెయ్. మళ్ళీ ఎప్పుడు రాస్తానో నాకే తెలియదు.

అతను కోర్టుకు పోలేదు. నా ఫారం అందాక కేసు వెయ్యడానికి సైటు వాళ్ళు అతనికిచ్చిన గడువు దాటిపోయింది. పొద్దున చూస్తే మన పాట మళ్ళీ సైటులో కనబడింది. ముత్తక్క గొంతు అట్లాగే ఉంది, నీది కూడా. లాలిని ఒళ్ళో వేసుకుని విను. ఎన్నిసార్లైనా విను. కానీ లైకు కొట్టకు తల్లీ. కింద ఏమీ రాయకు.