అవ్వా, నీ ధూపం కుండ గురించి

పరమ పూజ్యురాలైన అవ్వకు,

రేపు నీ సంవత్సరీకం. వంశానికి జరిగిన ఘోరాపచారానికి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. నీ మునిమనవడికి స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేయడం మానేశాం.

నువ్వు పోయినప్పుడు అక్క కడుపుతో ఉంది కదా. సరిగ్గా తినేది కాదు, పడుకునేది కాదు, ఊరికే ఏడ్చేది. కడుపుతో ఉన్నదానికి దిగులేంటని అందరం కసిరాం. ఇప్పుడు పిల్లాడి ఎదలో పిల్లికూతలు వినబడేసరికి, “నా ఏడుపే వీనికి తగిలిందిరా” అని మళ్ళీ మొదలుపెట్టింది.

తిరుపతిలో డాక్టరమ్మకు చూపించాం.

“నీ తప్పు కాదమ్మా. నీ దిగులుకూ వైద్యం ఉంది, దాచకుండా నాకు చెప్పు. ముందు ఇంట్లో పొగ ఆపండి,” అన్నారు ఆవిడ.

“మా అత్త ఇంటిల్లిపాదికీ ఏసింది. ఎవురికేమైంది?” అంది అమ్మ.

“నాయన ఇంగా దగ్గతానే ఉండాడు గదమా!” అన్నాను.

అక్క ఫక్కున నవ్వింది. నువ్వు పోయాక ఆ నవ్వు వినడం అదే మొదలు. ఇప్పుడు తన కోసం కూడా డాక్టరమ్మ దగ్గరికి వెళ్తోంది. పిల్లాడు చప్పుడు లేకుండా ఊపిరి తీస్తూ నిద్రపోతున్నాడు.

అమ్మ మాత్రం నీ ధూపం కుండ కోసం అటకంతా వెతుకుతోంది. చెప్పొద్దు అవ్వా. మిద్దె మీద అక్క రోజూ నీళ్ళు పోస్తూ నీతో కబుర్లు చెప్పే పుదీనా ఉన్నది అందులోనే. చిల్లులు ఎలాగూ ఉన్నాయి కదా అని, మన్ను నింపి నాటింది నేనే.