స్లాబు నాటి భోజనం

శుక్రవారం

ఈరోజు మా ఇంటికి స్లాబు వేశారు. మిల్లులో సెలవు దొరకలేదు, నేను దగ్గర లేను. డ్యూటీ దిగి నెల్లిమర్ల నుంచి వచ్చేసరికి పని అయిపోయింది. పైకెక్కి చూస్తే అమ్మ గది మీద ఈ కొస నుంచి ఆ కొసకి ఒక గీత. ముందు పోసిన కాంక్రీటూ తర్వాత పోసిందీ కలవలేదు.

"మధ్యలో ఎందుకాపావు మావా?" అని మేస్త్రి అప్పన్నని అడిగాను.

"మీయమ్మే పిలిసింది కదరా! కోడికూర సల్లారిపోతాది, తినేసి ఎక్కండి అంది. స్లాబు రోజు పెట్టిన కూడు ఒద్దంటే ఇంటికి మంచిదేటి?"

"ఎంతసేపు తిన్నారు?"

"తిన్నాం, కూసింతసేపు నడుం వాల్సాం. రెండు గంటలవుతాదేమో."

"మళ్ళీ మొదలెట్టేటప్పుడు, పాతదీ కొత్తదీ అతుక్కోడానికి ఆ అంచున సిమెంటు పాలైనా పోశావా?"

"ఒరే, ఫోన్లో సూసి నాకు పని నేర్పుతావేటి? పూత పడితే బెమ్మదేవుడికీ కనబడదు."

కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. వానలు పడితే ఆ గీతలోంచే నీళ్ళు దిగుతాయి. లోపల ఊచలకి తుప్పు పడితే...

కిందికి దిగితే అమ్మ ఎదురొచ్చింది. "స్లాబు బాగొచ్చిందేట్రా? అందరూ కడుపునిండా తిన్నారు" అంది. ఆ ముఖం చూసి బాగొచ్చిందనేశాను. స్లాబుకి దన్నుగా నిలబెట్టిన సెంట్రింగు కర్రల మధ్య దూరి, మంచం ఎక్కడ వేసుకుంటుందో చూపించింది. సరిగ్గా ఆ గీత కిందే.