బిచ్చాలు పేరుకి నక్షత్రం

చోడవరం, 1971, మాఘమాసం.

పరదేశి బాబుకి, బొడ్డేడ అచ్చియ్యమ్మ, వయసు డెబ్బై దాటింది, కొడుకు, కోడలు, మనవరాలు బిచ్చాలు ఉన్న ఇంటికి పెద్ద, చెప్పి రాయించినది.

మా గుంట, అదే మనవరాలు బిచ్చాలుది మూలా నక్షత్రమనీ, కోడలిగా వస్తే మామకు గండమనీ, అది పోయిన జన్మ పాపమనీ మీ సిద్ధాంతి చెప్పాడట. నువ్వు నీ కొడుక్కి ఈ సంబంధం వద్దన్నావట. పుట్టిన వేళ మాకే తెలియదు, ఆయనకెలా తెలిసింది? కబురు తెచ్చినవాణ్ణి నిలదీశాను. "పేరు బట్టి సెప్పేరమ్మా. 'బి' అంటే మూలేనట" అన్నాడు.

బాబూ, దాని ముందు పుట్టిన ముగ్గురూ పోయారు. ఇదైనా దక్కాలని పుట్టగానే చేటలో వేసి, పక్కింట్లో ఇచ్చి, మళ్లీ బిచ్చమడిగి తెచ్చుకున్నాను. యముడు ఏమారాలని ఆ పేరు పెట్టాను. మీ సిద్ధాంతి కూడా ఏమారాడా, ఏమారినట్టు నటించాడా? ఆయన ఈమధ్య వడ్డాది బంగార్రాజు అరుగు వదలడం లేదట. ఆ ఇంట్లోనూ పెళ్లీడు పిల్ల ఉంది.

నీ ముందు పుట్టినవాళ్లు దక్కకే నీకు పరదేశి అని పెట్టానని మీ అమ్మ నాతో చెప్పింది. ఆ పేరు విని నిన్నెవరైనా ఊరివాడివి కాదన్నారా?

వద్దనుకుంటే ఇంకొకరితో కబురంపకు. నువ్వే వచ్చి, గుంటని పేరు పెట్టి పిలిచి, మొహాన చెప్పు.

అచ్చియ్యమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: ఆడారి సన్యాసినాయుడు, కాండ్రేగుల వరహాలమ్మ.